ఒకే పటమున పెక్కు చూపులు

గోరంట్ల ప్రాంతపు పల్లెలలో తోలుబొమ్మలాట ఒకప్పుడు తెల్లవార్లు సాగెడిది. ఆ బొమ్మలను పరికించి చూచిన ఒక వింత కనబడును. పెక్కు బొమ్మలలో ముఖము ప్రక్కకు తిరిగి యుండును. రొమ్ము మనవైపు విప్పారి యుండును. పాదములు మరల ప్రక్కకే సాగి యుండును. నిజముగా ఎవడును అట్లు నిలువజాలడు. అయినను చూచువారు దానిని తప్పు పట్టరు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో మేకతోలుపై ఈ బొమ్మలను చేయు కళాకారులకు దీని కారణము తెలియును. పలుచని తోలునకు లోతు లేదు. కావున ఏ అవయవము ఏ వైపునుండి చక్కగా తెలియునో ఆ వైపునుండియే దానిని చూపవలెను.

ఇట్టి ఆలోచనయే వేరొక మార్గమున ఐరోపా చిత్రకారులకును కలిగినది. అక్కడ కొన్ని శతాబ్దములు చిత్రకారుడు ఒక్కచోట నిలిచి, అచటినుండి కంటికి కనబడినదే చిత్రించుట నియమముగా నుండెను. ఫ్రాన్సు దేశీయుడైన సెజాను ఈ నియమమును సడలించెను. ప్రకృతిలోని రూపములను గోళము, శంకువు, స్థూపము అను ఆకృతులుగా గ్రహింపవలెనని ఆయన 1904లో ఒక యువ చిత్రకారునికి వ్రాసెను.

1907లో పారిసు నగరమున పికాసో అను స్పెయిను దేశీయుడు ఐదుగురు స్త్రీల చిత్రమును వ్రాసెను. అందు కూర్చున్న స్త్రీ వీపు మనవైపు ఉన్నది. ముఖమును మనవైపే ఉన్నది! మిత్రులు సైతము విస్తుపోయిరి. మరుసటి యేట బ్రాక్ అను ఫ్రెంచి చిత్రకారుడు ఇండ్లను పెట్టెలు పేర్చినట్లు చిత్రింపగా, ఒక విమర్శకుడు అవి వట్టి క్యూబులని, అనగా ఘనములని, పరిహసించెను. ఆ పరిహాసమే క్యూబిజము అను పేరుగా నిలిచినది.

దీని లక్షణమును ఒక బిందెతో తెలిసికొనవచ్చును. ప్రక్కనుండి చూచిన బిందె కడుపు తెలియును గాని, మూతి గుండ్రన తెలియదు. పైనుండి చూచిన మూతి గుండ్రన తెలియును గాని, కడుపు ఆకృతి తెలియదు. క్యూబిస్టు చిత్రకారుడు బిందె చుట్టును తిరిగి, ఆ చూపులన్నిటిని ముక్కలుగా ఒకే పటమున కూర్చును. దృష్టి రూపముపైననే నిలుచుటకై 1909 మొదలు 1912 వరకు పికాసో, బ్రాక్‌లు మిక్కిలిగా గోధుమ, బూడిద వన్నెలనే వాడిరి. 1912లో వార్తాపత్రికల ముక్కలను సైతము పటముపై అతికింప మొదలిడిరి. 1914లో యుద్ధము రాగా బ్రాక్ సైన్యమునకు వెడలెను. వారి కూడిక అంతటితో ముగిసెను. మన దేశమున 1920 తరువాత గగనేంద్రనాథ ఠాకూరు ఈ పద్ధతిని తనదైన రీతిలో అనుసరించెను.

అయినను తోలుబొమ్మయు క్యూబిస్టు చిత్రమును ఒకటి కావు. బొమ్మ తెరపైకి రాగానే వీడు రాముడు, వాడు రావణుడని పసివాడును గుర్తింపవలెను. క్యూబిస్టు చిత్రమున వస్తువును చూపరియే వెదకి కూర్చుకొనవలెను. కాని రెండును ఒక్క సత్యమును బోధించుచున్నవి: ఒక్కచోట నిలిచి చూచినది వస్తువులో ఒక భాగమే. కావున ఒక చిత్రము వంకరగా తోచినప్పుడు నవ్వుటకు ముందు, దానిని వ్రాసినవాడు ఎన్నిచోట్ల నిలిచి చూచెనో విచారింపవలెను.