కంపవాతం: కుందేళ్ళు చెప్పిన సాక్ష్యం

మజ్జిగ గ్లాసు అందుకోబోతూ తాతగారి చేయి వణికితే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. కాని నడక మందగించి, అడుగు చిన్నదై, ముఖంలో కదలిక తగ్గితే అది ఒట్టి ముసలితనం కాకపోవచ్చు. మన వైద్యులు దానిని కంపవాతమన్నారు. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించినందున పాశ్చాత్యులు దానికి ఆయన పేరే పెట్టారు.

ఈ రోగం గుట్టు విప్పడానికి తోడ్పడింది మూగజీవాలే. సర్పగంధి వేరులోని రిసర్పిన్ అనే మందును స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ కుందేళ్ళకు ఇచ్చాడు. పాపం, అవి కదలక మెదలక పడివున్నాయి. పిమ్మట డోపా అనే పదార్థం ఇవ్వగానే కొద్దిసేపటిలో లేచి తిరిగాయి! ఇది 1957 నాటి మాట. డోపానుంచి మెదడులో డోపమిన్ తయారవుతుంది. అది కరువైతే కదలిక కుంటుపడుతుంది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

డోపా మనకు పరాయిది కాదు. ముట్టుకుంటే ఒళ్ళంతా దురద పుట్టించే దూలగొండిని కొల్లూరు వంటి ఊళ్ళలో పెద్దలెరుగుదురు. దాని గింజల్లోనుంచి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి డోపాను వేరుచేశారు.

అయితే డోపమిన్ ఒంటరిగా సంసారం చేయదు. మెదడు కణాలపై రసాయనాలను అందుకునే గ్రాహకాలుంటాయి. డోపమిన్‌ను అందుకునే గ్రాహకమూ, అడినోసిన్‌ను అందుకునే గ్రాహకమూ కొన్ని కణాలపై పక్కపక్కనే, ఒకే ఇంటి అత్తాకోడళ్ళలా కాపురముంటాయి. ఒకదానికి విజృంభణ వస్తే ఇంకొకదాని పట్టు సడలుతుందని 1991లో స్టాక్‌హోం పరిశోధకులు ఎలుకల మెదడులో చూశారు. ఆ విజృంభించేది అడినోసిన్ గ్రాహకం, పట్టు సడలేది డోపమిన్ గ్రాహకం. కనుక డోపమిన్ తరిగిన మెదడులో అడినోసిన్‌దే పెత్తనం. ఆ పెత్తనానికి అడ్డుపడే ఇస్ట్రాడెఫిలిన్‌ను డోపా మందుకు తోడుగా జపాన్ 2013లో, అమెరికా 2019లో అనుమతించాయి.

మన కాఫీలోని కెఫీన్ కూడా అడినోసిన్‌కు అడ్డే. అది ఎలుకలకు మేలు చేసింది. కాని రోగులపై జరిపి 2017లో వెల్లడించిన పరీక్షలో బాధలు తగ్గిన జాడ లేదు. ఎలుక ఎలుకే, మనిషి మనిషే!

అందుచేత కాఫీనే మందనుకోవద్దు. దూలగొండి గింజలు నూరి మింగవద్దు. డోపా మోతాదు మించితే వాంతులు, భ్రమలు, అదుపు తప్పిన కదలికలు కలుగుతాయి. వైద్యుడిచ్చిన మందును చెప్పకుండా మానవద్దు. రోగాన్ని సమూలంగా తీసివేసే మందు ఇంకా రాలేదు. అయినా సకాలంలో వైద్యుని వద్దకు తీసుకువెళితే, పెద్దవారు తమ అన్నం తామే కలుపుకుని తినే రోజులు ఎన్నో మిగులుతాయి.