కోమళ్ల టోల్‌గేటు వద్ద ఒక పాఠము

మన డిగ్రీ కళాశాలలలో సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్ మున్నగు ప్రోగ్రామింగ్ భాషలను బోధించు తరగతులలో, అంతవరకు చురుకుగా పాఠమును అనుసరించుచు వచ్చిన విద్యార్థి తటాలున నిలిచిపోవు తావు ఒకటి కలదు. దానికి ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అని పేర్లు. మొదటిదానిని వారసత్వమనియు, రెండవదానిని బహురూపత యనియు తెలుగున చెప్పుకొనుచున్నాము. ఈ రెండు మాటలును వినుటకు ఇంపైనవే. కాని జనగామలోనో, మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో, పల్లె నుండి బస్సెక్కి వచ్చి బల్ల మీద కూర్చున్న పిల్లవాని మనస్సులో ఆ మాటలకు అదివరకే స్థిరపడిన అర్థము వేరు. ఆ పాత యర్థమును కదలింపక దాని మీదనే కొత్త యర్థమును పేర్చబూనుటయే ఈ పాఠము కొరుకుడు పడకపోవుటకు మూలమని నా దృఢవిశ్వాసము.

వారసత్వమనగానే వానికి తోచునది భూమి. తండ్రికి నాలుగెకరములున్న, ఇద్దరు కొడుకులు చెరి రెండెకరములు పంచుకొందురు; పట్టాదారు పాసుపుస్తకమున తండ్రి పేరు పోయి కొడుకుల పేర్లు వచ్చును. ప్రోగ్రామింగ్‌లోని వారసత్వమున ఈ పంపకము లేదు. ఒక క్లాసు నుండి, అనగా ఒక రకపు వస్తువుల సమానగుణములను నిర్ణయించు భావన నుండి, పది ఉపక్లాసులు పుట్టినను, పై క్లాసు తన గుణములలో ఒక్కదానినైన కోల్పోదు. పదింటికిని ఆ గుణములు సమగ్రముగానే సంక్రమించును. దీనికంటెను ముఖ్యమైన భేదము మరియొకటి. కొడుకు తండ్రి నుండి పుట్టినవాడే కాని తండ్రిలో ఒక రకము కాడు. ఉపక్లాసో, పై క్లాసులో ఒక రకమై తీరవలెను.

ఈ భేదమును చూపుటకు మన మూడు ఊళ్ళ చరిత్రయే చాలును. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు, జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానముగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడినవి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు వేరుపడినది. ఇది పంపకము. వరంగల్ తరిగినది, కొత్తవి పుట్టినవి. అయినను "జనగామ ఒక వరంగల్" అని ఎవ్వరును అనరు. "జనగామ ఒక జిల్లా" యనియే అందురు. జనగామకు కలెక్టరు వచ్చినది అది వరంగల్ నుండి చీలినందువలన కాదు, జిల్లా యైనందువలన. ఈ "జిల్లా" అను భావనయే క్లాసు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఆ క్లాసుకు చెందిన ఆబ్జెక్టులు, అనగా దాని విడివిడి ఉదాహరణములు. ఈ ఒక్క వివేకము కుదిరిన, సగము పాఠము ముగిసినట్లే.

ఈ వివేకము మనకు పరాయిది కాదు. పదునేడవ శతాబ్దమున తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున పదార్థములను ఏడుగా విభజించి, ద్రవ్యములు తొమ్మిదియని లెక్కించి, పెక్కింటియందు సమానముగా నుండు ధర్మమును సామాన్యమని పేర్కొని, అందులో విస్తృతమైనదానిని పరమనియు, సంకుచితమైనదానిని అపరమనియు వేరుచేసి చెప్పెను. ఘటము పృథివి, పృథివి ద్రవ్యము. కనుక ఘటమునందు గంధము పృథివి యగుటచేతను, సంఖ్యాపరిమాణములు ద్రవ్యమగుటచేతను కలుగుచున్నవి. ఆ తార్కికునికి కంప్యూటరు తెలియదు, ఆయన ప్రయోజనమును వేరు. కాని పై క్లాసు గుణములు ఉపక్లాసులోనికి దిగివచ్చు క్రమమును గ్రహించుటకు ఇంతకంటె చక్కని మెట్టు తెలుగు విద్యార్థికి దొరకదు.

ఇక క్లాసుల వారసత్వము కంప్యూటరు భాషలలో ప్రవేశించిన కథ ఒక టోల్‌గేటుతో ముడిపడియున్నది. నార్వే దేశమున ఓస్లో నగరమందలి నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, లోకవ్యాపారములను కంప్యూటరులో అనుకరించి చూచుటకు సిమ్యులా అను భాషను నిర్మించుచుండగా, వంతెన మీది టోల్‌గేటు నొద్ద బస్సులును లారీలును ఒకే వరుసలో నిలుచు ఉదాహరణమును చర్చించుకొనిరి. వరుసలో నిలుచుట రెండింటికిని సమానము. తక్కిన లక్షణములు వేరువేరు. సమానమైన భాగమును రెండుమారులు వ్రాయక, ఒక్కమారు వ్రాసి రెండింటికిని ఎట్లు అందింపవలెనని యోచించి యోచించి, వారు కనుగొని 1967లో ప్రకటించిన ఉపాయమే నేటి ఇన్‌హెరిటెన్స్. సిమ్యులా 67 చూపిన దారిలోనే తరువాత స్మాల్‌టాక్, సీ ప్లస్ ప్లస్, జావా నడచినవి. ఆ ఇరువురికి, కంప్యూటరు శాస్త్రమున ఇచ్చు ట్యూరింగ్ పురస్కారము 2001వ సంవత్సరమునకు లభించినది.

అట్టి టోల్‌గేటు మనకును కలదు. హైదరాబాదు నుండి వరంగల్‌కు పోవు 163వ జాతీయ రహదారిపై, జనగామ జిల్లాలోని కోమళ్ల వద్ద నిలిచి చూడుడు. కారు, బస్సు, లారీ, పెక్కు ఇరుసుల ట్రక్కు ఒకదాని వెనుక నొకటి వచ్చుచుండును. గేటు అడుగు ప్రశ్న ఒక్కటియే: "రుసుము ఎంత?" ప్రతి వాహనమును తన ఫాస్టాగ్ ద్వారమున తన తరగతికి తగిన సమాధానమును ఇచ్చును. ప్రశ్న ఒకటి, సమాధానములు పెక్కు. పాలిమార్ఫిజం అనగా ఇదియే.

బహురూపత యను మాట తప్పుదారి పట్టించునది ఇక్కడనే. ఆ మాట వినగానే విద్యార్థికి పగటివేషగాడు స్ఫురించును. ఒకే మనిషి ఒకనాడు శివుడై, మరునాడు శక్తియై వాకిట నిలుచును. కాని టోల్‌గేటు నొద్ద ఏ వాహనమును వేషము మార్చుకొనదు. కారు కారే, లారీ లారీయే. రూపభేదము పొందునది ప్రశ్నకు వచ్చు సమాధానము మాత్రమే. వచ్చిన వాహనమేదో ప్రోగ్రాము వ్రాయునాడు నిర్ణయింపబడదు. ప్రోగ్రాము నడచు క్షణమున, ఎదుట నిలిచినదానిని బట్టియే నిర్ణయమగును. ఈ పద్ధతి లేనినాడు, "కారైన ఇంత, బస్సైన ఇంత, లారీయైన ఇంత" యని షరతుల నిచ్చెన నొకదానిని కట్టి, కొత్తరకపు వాహనము వచ్చిన ప్రతిమారును ఆ నిచ్చెనను విప్పి మరల కట్టవలసివచ్చును. పాలిమార్ఫిజం ఉన్నచో కొత్త వాహనము తన సమాధానమును తానే తెచ్చుకొనును, గేటును ముట్టుకొననక్కరలేదు.

భూపాలపల్లి విద్యార్థికి గనులకంటె మించిన ఉదాహరణము లేదు. సింగరేణి వారి గనులలో భూగర్భ గనులును కలవు, ఓపెన్‌కాస్టులును కలవు. పేరు, మస్టరు, షిఫ్టులు, రోజువారీ ఉత్పత్తి లెక్క అన్నిటికిని సమానము. ఇవి "గని" యను పై క్లాసులో ఒక్కమారు వ్రాసిన చాలును. "బొగ్గు తీయు" అను పని మాత్రము దేనిది దానికే: ఒకచోట ఇంక్లైన్ దిగి భూగర్భమున పొరను పేల్చి తీయుదురు; మరియొకచోట పైమట్టిని షవళ్ళతో తొలగించి, డంపర్లతో తరలించి, బయలుపడిన బొగ్గును తవ్వుదురు. పై క్లాసు చెప్పిన పనిని ఉపక్లాసు తనదైన రీతిలో తిరుగవ్రాసికొనుటకే ఓవర్‌రైడింగ్ అని పేరు. భూగర్భము కాక, ఓపెన్‌కాస్టు కాక, ఇట్టి ఏ విధమునకును చెందక వట్టి "గని"గా నుండు గని యెచ్చటను లేదు. భావనగానే యుండి, స్వయముగా ఆబ్జెక్టు కాజాలని ఇట్టిదానిని ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసు అందురు.

మహబూబాబాదు స్టేషనులో నేర్వదగినది మరియొకటి కలదు. కాజీపేట–విజయవాడ మార్గమున ఆ స్టేషను మీదుగా ప్యాసింజర్లు, ఎక్స్‌ప్రెస్సులు, గూడ్సులు పోవుచుండును. "రైలు" అను పై క్లాసులో "ప్రయాణికులను ఎక్కించు" అను పనిని చేర్చితిమా, గూడ్సు ఆ మాటను నిలుపుకొనజాలదు. తప్పు గూడ్సుది కాదు. అన్ని ఉపక్లాసులును నెరవేర్పలేని వాగ్దానమును పై క్లాసు తలకెత్తిన మనదే. పై క్లాసునకు ఒప్పిన ప్రతి తావునను ఉపక్లాసు ఒప్పవలెనను ఈ నియమమును 1987లో ఒక ఉపన్యాసమున ప్రతిపాదించిన అమెరికా శాస్త్రజ్ఞురాలు బార్బరా లిస్కోవ్. 2008వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము ఆమెది. "రైలు" క్లాసున కదలుట, ఆగుట మాత్రమే ఉంచి, ప్రయాణికుల మాటను ప్రయాణికుల రైలునకు విడిచిన చిక్కు తీరును.

జనగామ చెంతనున్న పెంబర్తి ఇత్తడి పనితనము ఇంకొక జాగ్రత్తను నేర్పును. మూతగల ఇత్తడి పెట్టెకు మూత కలదు. అంతమాత్రమున పెట్టె మూతలో ఒక రకము కాదు. కలిగియుండుట వేరు, అదియే యగుట వేరు. ఈ రెండింటిని కలగాపులగము చేసి, కనబడిన ప్రతి సంబంధమును వారసత్వముగా వ్రాయు అలవాటు మొదటి సంవత్సరములోనే పడినచో, ఆపై దానిని మాన్పుట కష్టము.

కనుక ఈ పాఠమును చెప్పు అధ్యాపకులకు నా విన్నపమొక్కటి. తెర మీద కోడు చూపుటకు ముందు ఒక గంట కేటాయించి, విద్యార్థుల చేత వారి ఊరిలోని వస్తువులను, వాహనములను, వృత్తులను పలకపై వ్రాయించుడు. ప్రతి జంటను గూర్చియు రెండే ప్రశ్నలు అడుగుడు: "ఇది అందులో ఒక రకమా? లేక దీనికి అది కలదా?" ఈ రెండు ప్రశ్నలకు తడబడక తెలుగులో జవాబు చెప్పగలిగిన విద్యార్థికి ఏ ప్రోగ్రామింగ్ భాషయైనను లొంగును, చెప్పలేనివానికి ఎన్ని భాషలు నేర్పినను ఇన్‌హెరిటెన్స్ కంఠపాఠముగనే మిగులును.