వియన్నా నగరంలో పసిబిడ్డతో పది రోజులు

దూరప్రయాణమనగానే మన ఇళ్లలో పెద్దలు ముందుగా అడిగే మాట "అక్కడి నీళ్లు పిల్లలకు పడతాయా?" అని. 2023 సెప్టెంబరులో మా అల్లుడు ఒక సదస్సు నిమిత్తం పది రోజులు ఆస్ట్రియా రాజధాని వియన్నాకు వెళ్లవలసి వచ్చింది. మా అమ్మాయి, నాలుగేళ్ల మనుమడు, తొమ్మిది నెలల మనుమరాలు కూడా బయలుదేరారు. పిల్లలకు తోడుగా నేనూ వెళ్లాను. సాగనంపడానికి వచ్చిన వారందరూ నీళ్ల గురించే హెచ్చరించారు.

తీరా చూస్తే ఆ నగరానికి నీళ్లు ఆల్ప్స్ పర్వతాల ఊటల నుంచి, వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి వస్తాయి. మొదటి కాలువను 1873లోను, రెండవదానిని 1910లోను ప్రారంభించారు. పంపులతో పని లేకుండా పల్లానికి వాటంతటవే పారివస్తాయి. కుళాయి నీళ్లనే అందరూ నిశ్చింతగా తాగుతారు. అయినా నేను పాప కోసం కాచి చల్లార్చి, ఫ్లాస్కులో పోసి ఉంచేదానిని. అలవాటు మానుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

నేను చేసిన మొదటి పొరపాటు వేరు. ఇంట్లో కాచిన గేదె నెయ్యి ఒక సీసా, పాలకోవా ఒక డబ్బా పెట్టెలో సర్దుకున్నాను. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలను, మాంసాన్ని ఐరోపా సమాఖ్య దేశాలలోకి తీసుకురాకూడదు. పశువుల వ్యాధులు తమ దేశాలలోకి రాకుండా పెట్టుకున్న నియమమిది. విమానాశ్రయంలో రెండూ తీసుకున్నారు. పసిపిల్లల పాలపొడికి, శిశు ఆహారానికి మాత్రం మినహాయింపు ఉన్నది. అవి కంపెనీ ప్యాకింగు విప్పనివై, చల్లదనంలో ఉంచవలసిన అవసరం లేనివై, మనిషికి రెండు కిలోల లోపు ఉండాలి.

ఆయుర్వేదంలో పిల్లలను క్షీరాదులు, క్షీరాన్నాదులు, అన్నాదులు అని మూడు విధాలుగా విభజించారు. పాలపై బతికేవారు, పాలు అన్నం రెండూ తీసుకునేవారు, అన్నం తినేవారు అని అర్థం. ఏడాది నిండని బిడ్డ క్షీరాదుల లెక్కలోకే వస్తుంది. మా పాపకు మెత్తని అన్నం అలవాటు చేసినా, ప్రధానాహారం తల్లిపాలే. ప్రయాణంలో ఇంతకన్నా అనువైన ఆహారం మరొకటి లేదు. విమానం దిగే సమయంలో పాలు పట్టడం వల్ల చెవుల నొప్పి కూడా రాలేదు.

వియన్నాలో ఆరేళ్ల లోపు పిల్లలకు ట్రాములలోను, మెట్రో రైళ్లలోను టిక్కెట్టు లేదు. పిల్లల బండితో ఎక్కడానికి ప్రత్యేక స్థలం ఉంటుంది. పాత వీధులలో రాళ్లు పరచి ఉండటం వలన బండి కుదుపుతుంది కాబట్టి చీరచెంగుతో కట్టుకున్నట్టు పాపను గుడ్డతో ఒంటికి కట్టుకొని తిరగడమే మా అమ్మాయికి సుఖమనిపించింది. సెయింట్ స్టీఫెన్ ప్రార్థనా మందిరపు దక్షిణ గోపురానికి 343 మెట్లు. అల్లుడు మనుమడిని తీసుకొని ఎక్కాడు. నేను కింద కూర్చుని వారి చెప్పులకు కాపలా కాయవలసిన పని లేనందుకు సంతోషించాను.

అసలు ఇబ్బంది నిద్ర దగ్గర మొదలైంది. మన గడియారానికీ అక్కడికీ ఆ నెలలో మూడున్నర గంటల తేడా. ఇంట్లో ఉదయం ఆరింటికి లేచే పాప అక్కడ రాత్రి రెండున్నరకే లేచి కూర్చునేది. తెల్లవారగానే ఎండలో కాసేపు తిప్పి, సాయంత్రం నువ్వులనూనె ఒంటికి రాసి గోరువెచ్చని స్నానం చేయించి, దీపాలు తగ్గించి పడుకోబెట్టాము. మూడు రోజులకు కొంత దారికి వచ్చింది.

నాలుగవ రోజు ఆదివారం. ముందురోజు మనుమడికి ఒకసారి వాంతి అయింది. ఆటస్థలంలో మట్టిచేతులతోనే బిస్కట్టు తిన్నాడు. ఆదివారం సాయంత్రానికి పాపకు వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రి తొమ్మిదింటికి ఆరుసార్లు అయ్యాయి.

"కడుపు ఖాళీగా ఉంచు, లంఖణం పరమౌషధం. పాలు ఆపు" అన్నాను.

"అమ్మా, అది పెద్దవాళ్ల మాట. పాలు ఆపితే దానికి ఇంకేముంటుంది?" అన్నది అమ్మాయి.

నాకు కోపం వచ్చింది. ముగ్గురు పిల్లలను పెంచినదానిని. కాని పాప ఏడుస్తుంటే కళ్లలో నీరు లేదు. ఆ ఒక్కటి చూసి నోరు మూసుకున్నాను. పసివారికీ, వృద్ధులకూ, గర్భిణులకూ లంఖణం తగదని మన వైద్యులే చెబుతారు. ఆ సామెతను పట్టుకున్నప్పుడు ఆ సంగతి మరచాను.

అమ్మాయి 1450 నెంబరుకు ఫోను చేసింది. అది ఆ దేశంలో ఆరోగ్య సలహాలకు ఉన్న నెంబరు. అంబులెన్సుకు 144. ఇంగ్లీషులోనే మాట్లాడారు. వయస్సు, జ్వరం, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, రక్తం పడుతున్నదా అని అడిగారు. తల్లిపాలు ఆపవద్దనీ, ఓ.ఆర్.ఎస్. చెంచాతో కొద్దికొద్దిగా పట్టమనీ, మూత్రం రాకపోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మనీ చెప్పారు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. మందుల దుకాణాలు మాత్రం రాత్రిపూట వంతులవారీగా తెరుస్తారు. అల్లుడు వెతికి తెచ్చాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన దగ్గర పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. అక్కడ దొరికినది అంతకన్నా చిన్నది. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంతే నీటిలో కలపాలి. రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచా చెంచాగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంటి నుంచే నాలుగు ప్యాకెట్లు తీసుకువెళ్లి ఉంటే అల్లుడికి ఆ రాత్రి తిరుగుడు తప్పేది. ఇంగువ, వాము, శొంఠి అన్నీ సర్దుకున్న నేను దానిని మరచాను.

రాత్రంతా వంతులు వేసుకొని పట్టాము. వేకువ నాలుగింటికి పాప లంగోటా తడిసింది. అంత చిన్న తడికి అంత సంతోషం కలుగుతుందని అప్పుడే తెలిసింది. మరునాడు పలుచని గంజి, ఆ మరునాడు పెసరకట్టుతో మెత్తని అన్నం పెట్టాము. పెద్దలు తేనె రంగరించి నాకించడం మన వైపు ఉన్నది. ఏడాది లోపు బిడ్డకు అది కూడదు. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి వల్ల ప్రమాదకరమైన బొటులిజం వచ్చే అవకాశం ఉన్నది. నా సంచిలోని తేనె సీసాను నా దగ్గుకే వాడుకున్నాను.

ప్రయాణ బీమా కాగితం ఆ రాత్రి పెట్టె అడుగున దొరికింది. ఆ దేశాల వీసాకు అది తప్పనిసరి కాబట్టి అందరి దగ్గరా ఉంటుంది. పైన పెట్టుకుంటే చాలు.

పాప తేరుకున్నాక షోన్‌బ్రున్ జంతుప్రదర్శనశాలకు వెళ్లాము. 1752 నుంచి నడుస్తున్నది. ఎలుగులాంటి పాండాను చూసి మనుమడు కదలనన్నాడు. పాప నిద్రపోయింది. వచ్చేటప్పుడు వెన్న కొని, రాత్రి వంటగదిలో నెయ్యి కాచాను. మునగాకు లేదు, గేదె వెన్న కాదు, ఆవుది. వాసన మాత్రం మెట్ల దాకా వచ్చింది.

"అమ్మమ్మా, ఇది మన నెయ్యేనా?" అన్నాడు మనుమడు.

"కాదు నాన్నా, ఇది ఈ ఊరి ఆవు నెయ్యి" అన్నాను. వాడికి ఆ తేడా పట్టలేదు. ఇంకొంచెం వేయమన్నాడు.