నందుల సీమలో చికాగో ఎద్దు

ఆట జరిగేది చికాగోలో. నిద్ర చెడేది నంద్యాలలో! ఆ జట్టు గెలిస్తే ఇక్కడ పండగ. ఓడితే ఆ పూట టిఫిన్ కూడా సహించదు. ఆటగాళ్లకు మన ఊరి పేరు తెలియదు, ఆ స్టేడియం మెట్లు మనం ఎక్కింది లేదు. అయినా ఏళ్ల తరబడి సాగే ఈ దూరపు అభిమానం సంగతేమిటి?

జనవరి నెల, ఉదయం ఆరున్నర. మహానంది కోనేరు మీద ఇంకా మంచు తెర వీడలేదు. నంద్యాల వీధుల్లో పాల ప్యాకెట్లు, పేపర్లు అప్పుడప్పుడే ఇళ్లకు చేరుతుంటాయి. సరిగ్గా అదే నిమిషానికి చికాగోలో ముందురోజు రాత్రి ఏడు గంటలు. యునైటెడ్ సెంటర్‌లో దీపాలన్నీ ఆరిపోతాయి. ఒక్కసారిగా జనం హోరు. ఎర్ర బనియన్లు, వాటి మీద కోపంగా చూసే ఎద్దు తల. చికాగో బుల్స్ బరిలోకి దిగుతుంది.

ఆ ఎద్దు బొమ్మ మనకేం కొత్త కాదు. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని వాళ్ల ఒంటిమీద కూడా కనిపిస్తుంది. సంతలో, ఫుట్‌పాత్ మీద, బట్టల దుకాణంలో ఎక్కడ చూసినా ఉండే ఎర్ర టీషర్టు అది. వెనక 23 అంకె ఉంటే ఇక చెప్పక్కర్లేదు... మైకేల్ జోర్డాన్!

ఇక్కడ మొక్కు... అక్కడ లెక్క

ఎద్దును గుండెల్లో పెట్టుకోవడం నంద్యాల సీమకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. చుట్టూ నవనందులు. నల్లమల పాదాల దగ్గర మహానంది. ఇక తిరునాళ్లు వస్తే బండలాగుడు పోటీలు సరేసరి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎడ్ల వయసును బట్టి విభాగాలు. తమకు నచ్చిన ఎడ్ల జత ఎక్కడ బరిలో దిగుతుందో తెలుసుకుని ఊరూరూ తిరిగి చూసే వాళ్లుంటారు. ఆ ఎడ్లు వాళ్లవి కావు, గెలిస్తే వచ్చే బహుమతిలో పైసా వాటా లేదు. అయినా బండ కదలగానే కేకలు, ఈలలు. అభిమానానికి హక్కు పత్రాలు అక్కర్లేదనడానికి అంతకు మించిన రుజువేముంటుంది?

చికాగో ఎద్దు కథ మాత్రం వేరు. 1865లో ఆ నగరంలో యూనియన్ స్టాక్ యార్డ్స్ పేరుతో పెద్ద పశువుల సంత మొదలైంది. దాని చుట్టూ కబేళాలు, మాంసం పరిశ్రమ పెరిగాయి. నగరానికి పేరు, డబ్బు రెండూ తెచ్చిన ఆ సంత 1971లో మూతపడింది. అంతకు ఐదేళ్ల ముందు, 1966లో డిక్ క్లైన్ అనే వ్యాపారి బాస్కెట్‌బాల్ జట్టు పెట్టాడు. నగరం గుర్తొచ్చేలా ఉండాలని 'బుల్స్' అన్నాడు. మనకు శివుడి ఎదుట కూర్చున్న నంది... వాళ్లకు సంతలోని ఎద్దు. అదే చివరికి ప్రపంచమంతా తిరిగింది!

ఆరుసార్లు ఆకాశానికి...

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చలికాలం కుర్రాళ్లకు గదిలోపల ఆడుకునే ఆట కావాలని జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచ్ పళ్ల బుట్టలను గోడకు కొట్టి బంతి వేయమన్నాడు. ఆ బుట్టల ఎత్తు పది అడుగులు. ఇప్పటికీ అదే ఎత్తు. ఎన్‌బీఏలో ఒక్కో మ్యాచ్ 48 నిమిషాలు. బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలో బుట్టకు గురి పెట్టాల్సిందే. అందుకే కన్ను పక్కకు తిప్పడానికి వీలుండదు.

1984లో జోర్డాన్ బుల్స్‌లో చేరాడు. ఏడేళ్లు ఎదురుచూశాక 1991లో తొలి టైటిల్. ఆ తర్వాత 1992, 1993. అదే ఏడాది తండ్రి హత్యకు గురయ్యాడు. జోర్డాన్ ఆట వదిలేసి బేస్‌బాల్ ఆడటానికి వెళ్లాడు. 1995 మార్చిలో తిరిగొచ్చాడు. 1996, 1997, 1998ల్లో మళ్లీ వరుసగా మూడు టైటిళ్లు. 1995-96 సీజన్‌లో 82 మ్యాచ్‌లు ఆడితే 72 గెలిచారు.

1998 జూన్ 14. మన దగ్గర అప్పటికి సోమవారం తెల్లారింది. యూటాలో ఫైనల్ సిరీస్ ఆరో మ్యాచ్. చివరి క్షణాల్లో బుల్స్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ప్రత్యర్థి కార్ల్ మలోన్ చేతిలోని బంతిని జోర్డాన్ కొట్టేశాడు. 5.2 సెకన్లు మిగిలి ఉండగా బుట్టలో వేశాడు. 87-86. ఆరో టైటిల్!

సరిగ్గా అక్కడే కథ మలుపు తిరిగింది. కోచ్ ఫిల్ జాక్సన్ వెళ్లిపోయాడు. జోర్డాన్ రిటైరయ్యాడు. పిప్పెన్, రాడ్‌మన్ తలో దారీ పట్టారు. ఆ తర్వాతి సీజన్‌లో బుల్స్ గెలిచినవి 13, ఓడినవి 37. 2000-01లో అయితే 82 మ్యాచ్‌లకు 15 గెలుపులే. 2025 వరకు మరో టైటిల్ లేదు సరికదా, ఫైనల్ మెట్టు కూడా ఎక్కలేదు.

గెలుపును చూసి చేరిన వాళ్లు చాలామంది ఇంకో జట్టుకు మారిపోయారు. తప్పేం కాదు. దూరపు అభిమానికి ఆ సౌకర్యం ఉంది. చికాగోలో పుట్టినవాడికి జట్టు ఊరితో పాటు వస్తుంది. నంద్యాలలో ఉన్నవాడు ఏరి కోరి ఎంచుకుంటాడు. వదిలేసినా అడిగేవాడు ఉండడు. అడిగేవాడు లేనప్పుడు కూడా వదలకపోవడమే అసలు పరీక్ష!

మోకాలి మీద ఊరంత ఆశ

ఆ పరీక్ష 2012లో మరీ కఠినంగా వచ్చింది. డెరిక్ రోజ్ చికాగో కుర్రాడు. సొంత ఊరి జట్టే 2008లో తొలి ఎంపికగా తీసుకుంది. 22 ఏళ్లకే 2010-11 సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అంత చిన్న వయసులో ఆ గౌరవం అందుకున్న వాడు అప్పటిదాకా లేడు. ఇక మంచి రోజులొచ్చాయి అనుకున్నారు అభిమానులు. 2012 ఏప్రిల్ 28న ప్లేఆఫ్స్ తొలి మ్యాచ్. గెలుపు దాదాపు ఖాయమైపోయింది. ఇంకా నిమిషం పైచిలుకు ఆట ఉందనగా రోజ్ గాల్లోకి లేచి కిందికి దిగాడు. ఎడమ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. తర్వాతి సీజన్ మొత్తం ఆడలేదు. 2016లో జట్టు అతణ్ని వేరే ఊరికి పంపేసింది.

2018 అక్టోబరు 31న మినెసోటా జట్టు తరఫున అదే రోజ్ 50 పాయింట్లు కొట్టాడు. మ్యాచ్ అయ్యాక కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు అతని ఒంటిమీద ఎద్దు బొమ్మ లేదు. అయినా బుల్స్ అభిమానులు తమవాడే గెలిచినట్టు పొంగిపోయారు. మనింటి పిల్లాడు ఎక్కడున్నా మనవాడే కదా!

జట్టే వెళ్లిపోతే?

ఓడినా జట్టు ఉంటే చాలు, వచ్చే ఏడాది చూసుకోవచ్చు. అసలు జట్టే లేకపోతే? సియాటిల్‌లో అదే జరిగింది. సూపర్‌సోనిక్స్ 41 సీజన్లు ఆ ఊళ్లో ఆడింది. 1979లో టైటిల్ గెలిచింది. 2006లో యజమాని చేతులు మారింది. కొత్త యజమానులు 2008లో జట్టును ఓక్లహామా సిటీకి తరలించారు. మైక్రోసాఫ్ట్ ఉద్యోగాలకని వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లూ ఆ తంతు కళ్లారా చూశారు. 2025లో ఆ జట్టు ఓక్లహామా సిటీ థండర్ పేరుతో టైటిల్ కొట్టింది. సోనిక్స్ పాత అభిమానులు దానికి చప్పట్లు కొట్టాలా, కళ్లు తుడుచుకోవాలా?

మనకూ ఆ నొప్పి తెలుసు. ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ 2008లో సొంత గడ్డ హైదరాబాద్‌లో ఆడిన ఏడింటికి ఏడూ ఓడింది. మరుసటి ఏడాది ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. తెలుగువాళ్లంతా దూరపు అభిమానులై టీవీల ముందు కూర్చున్నారు. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఆరు పరుగుల తేడాతో ఛార్జర్స్ కప్పు గెలిచింది. 2012లో ఆ జట్టే రద్దయింది. సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో కప్పూ తెచ్చింది. అయినా నీలం రంగు ఛార్జర్స్ జెర్సీని బీరువా అడుగున దాచుకున్న వాళ్లకు అది వేరు, ఇది వేరు!

అక్కడి రాత్రి... ఇక్కడి పొద్దున

దూరపు అభిమానానికి క్రమశిక్షణ కావాలి. అమెరికాలో మార్చిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. అప్పుడు చికాగో మ్యాచ్ మనకు ఐదున్నరకే మొదలు. జట్టు పడమటి తీరానికి వెళ్లి ఆడితే చలికాలంలో ఎనిమిదిన్నరకు. అంటే పిల్లల బడి వేళ, పెద్దల ఆఫీసు వేళ! 2012లో సోనీ సిక్స్ ప్రసారాలు మొదలుపెట్టాక టీవీలో చూడటం సులువైంది. ఆ తర్వాత ఫోన్‌లోనే చూసే రోజులొచ్చాయి. 2019 అక్టోబరులో ఎన్‌బీఏ జట్లు తొలిసారి ముంబయి వచ్చి ఆడాయి. శాక్రమెంటో కింగ్స్, ఇండియానా పేసర్స్ మధ్య రెండు మ్యాచ్‌లు. తొలి మ్యాచ్ అదనపు సమయం దాకా వెళ్లి 132-131తో తేలింది. మరుసటి ఏడాది లాక్‌డౌన్‌లో 'ద లాస్ట్ డాన్స్' డాక్యుమెంటరీ వచ్చింది. పది భాగాలు. జోర్డాన్ ఆడేనాటికి పుట్టని పిల్లలు సైతం బుల్స్ అభిమానులైపోయారు. 1998లో ఆట చూసిన నాన్నలకు చెప్పడానికి కబుర్లు దొరికాయి.

ఇంతా చేసి దక్కేదేమిటి? పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లను అడిగితే తెలుస్తుంది. ఫోన్ చేయగానే 'తిన్నావా', 'చలి ఎలా ఉంది', 'ఎప్పుడొస్తున్నావు'... ఈ మూడూ అయ్యాక మాటలు తడుముకోవాలి. వాళ్లకు రాత్రి, మనకు పగలు. వాళ్ల పండగకు మనకు పని, మన పండగకు వాళ్లకు పని. మ్యాచ్ ఒక్కటే ఇద్దరికీ ఒకే క్షణంలో జరుగుతుంది. కొడుకు అక్కడ సోఫాలో, తండ్రి ఇక్కడ కాఫీ గ్లాసుతో. బంతి గాల్లో ఉండగా ఇద్దరూ ఒకేసారి ఊపిరి బిగబడతారు. ఆ తర్వాత ఫోన్‌లో 'చూశావా నాన్నా?' అన్న మాటతో మొదలైన కబుర్లు ఎంతకీ తెగవు. జట్టు ఓడినా సరే!

శివాలయంలో నందిని చూడండి. గర్భగుడిలోకి వెళ్లదు. ఎదురుగా, కాస్త దూరంగా కూర్చుని ఉంటుంది. చూపు మాత్రం స్వామి మీద నుంచి తిప్పదు. దూరంగా ఉంది కదా అని ఆ భక్తిని తక్కువ చేసినవాళ్లు ఎవరూ లేరు. నందుల ఊళ్లో తెల్లవారకముందే లేచి చికాగో ఎద్దు కోసం ఎదురుచూసే అభిమానికి ఆ కొలత ఒక్కటి చాలు.