పొగమంచులో ఎవరి పెట్టెలో ఏ పని?

క్లౌడ్ అంటే మబ్బు కదా, ఆ మబ్బు నేల మీదికి దిగితే పొగమంచు. 2012లో సిస్కో పరిశోధకులు ఫాగ్ కంప్యూటింగ్ అన్న మాటను ఆ అర్థంలోనే వాడారు. లెక్కలన్నీ దూరాన ఉన్న డేటా సెంటర్‌కి పంపకుండా, ఇంట్లోని చిన్న పెట్టెలోనో వీధిలోని టవర్ దగ్గరో చేసేస్తే జవాబు త్వరగా వస్తుంది.

ఇక సర్వర్‌లెస్. అంటే సర్వర్ ఉండదని కాదండీ (ఆ పేరు పెట్టినవారికో దండం!), దాని బాగోగులు మనం చూసుకోనక్కర్లేదని. 2014లో అమెజాన్ లాంబ్డాతో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. ప్రోగ్రామును చిన్న చిన్న ఫంక్షన్లుగా విడగొట్టి ఇస్తాం. అవసరమైనప్పుడు నడిచి, పని కాగానే ఆగిపోతాయి.

ఈ రెండూ కలిస్తేనే చిక్కు. ఊళ్ళో ఉన్న నాన్నగారి చేతికి గుండె తీరు చూసే పట్టీ కట్టామనుకోండి. ఒక ఫంక్షన్ నాడి చదువుతుంది, ఇంకొకటి బాగుందో లేదో తేలుస్తుంది, బాగోకపోతే మూడోది డాక్టరుకి కబురు పెడుతుంది. ఏది ఎక్కడ నడవాలి? దగ్గరున్న పెట్టె వేగమే, కానీ అది ఎవరిది? 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రాము, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లోబరచుకుంది.

రహస్యమైన వివరం నమ్మకం తక్కువున్న యంత్రానికి పోకూడదు. ఇంతవరకూ ఎవరికైనా తడుతుంది. తట్టనిది ఒకటుంది. కబురు పెట్టే ఫంక్షన్‌ని అపార్ట్‌మెంట్ వాళ్ళందరి ఉమ్మడి పెట్టెలో ఉంచామనుకోండి. నాడి అంకెలు ఒక్కటీ దానికి పంపలేదు. అయినా అది మేలుకుందంటే చాలు, నాన్నగారికి బాగోలేదని ఆ పెట్టెను చూసేవాడికి తెలిసిపోతుంది. ఇంటి ముందు అంబులెన్స్ ఆగితే వీధికి వేరే చెప్పాలా?

ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ తరహా నియమాలను ప్రోలాగ్ భాషలో రాశారు. ఫంక్షన్లకు, యంత్రాలకు, వివరాలకు నమ్మకం మెట్లు చెబితే, ఏది ఎక్కడ ఉండవచ్చో ప్రోగ్రామే వెతికి పెడుతుంది. "ఇలా అయితే అది, లేకపోతే ఇది" అన్న మలుపుల దగ్గర జారిపోయే రహస్యాన్ని కూడా చూస్తుంది. అంటే మన కబురు ఫంక్షన్ కూడా నాడి వివరాలకు తగినంత నమ్మకమైన చోటే ఉండాలి.

దీనికి ఖర్చు లేకపోలేదు. నమ్మదగిన పెట్టె దగ్గర్లో లేకపోతే దూరం పోవాలి, ఆలస్యమవుతుంది. గుండె విషయంలో అది కుదరదు కాబట్టి, ఇంట్లోనే కాస్త గట్టి పెట్టె కొని మూడు పనులూ అందులోనే నడిపించడం మేలని నాకనిపిస్తుంది. పాస్‌వర్డ్ మాత్రం కొన్నరోజే మార్చండి.