నీటి కింద గాలిమర రెక్క

ఆడిమాసం గాలి పాలక్కాడు కనుమలోంచి దూసుకొచ్చే రోజుల్లో పల్లడం, ఉడుమలపేట, ధారాపురం చుట్టుపక్కల గాలిమరలు ఊపిరి తీసుకోకుండా తిరుగుతుంటాయి. తిరుప్పూరు బనియన్ కంపెనీలు చాలావాటికి అక్కడ సొంత మరలున్నాయి. వాటి రెక్కను అడ్డంగా కోసి చూస్తే ముందంచు గుండ్రంగా, వెనకంచు సన్నగా, ఒకవైపు వంపు ఎక్కువగా ఉంటుంది. రెండు ఒళ్ల కటమరాన్, మూడు ఒళ్ల ట్రైమరాన్ పోటీ పడవల అడుగున బిగించే హైడ్రోఫాయిల్‌దీ దాదాపు అదే ఆకారం. అందుకే ఇక్కడి తెలుగువాళ్లకు ఆ పడవల సంగతి సగం తెలిసినట్టే. అసలు చిక్కంతా మిగతా సగంలో ఉంది.

నీరు గాలికంటే 800 రెట్లకు పైగా సాంద్రమైనది. అందుకే మనిషి పొడవుకు అటూఇటూగా ఉండే రెక్కలే టన్నుల బరువున్న పడవను నీటిపైకి లేపేస్తాయి. పడవ ఒళ్లంతా గాల్లోకి లేచాక దాన్ని పట్టి ఈడ్చే నీరు చాలా తగ్గుతుంది, వేగం ఒక్కసారిగా పెరుగుతుంది.

మరి రెక్క ఎంత పెద్దదుండాలి? పైకెత్తే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర పడవను సరిగ్గా మోసే రెక్కకు, కోణం మార్చకపోతే, 90 దగ్గర తొమ్మిది రెట్ల బలం వస్తుంది. కోణం తగ్గించి ఆ బలాన్ని అణచవచ్చు. రెక్క వైశాల్యాన్ని మాత్రం తగ్గించలేం. నీరు దాన్నంతా రాసుకుంటూనే పోతుంది. పోనీ చిన్న రెక్క పెడదామా అంటే, గాలి మందగించిన రోజున పడవ లేవనే లేవదు.

గాలిమర రెక్కకు నెత్తిన కప్పేమీ లేదు. ఫాయిల్‌కు ఉంది. మీటరో, అంతకంటే తక్కువో పైన నీటి ఉపరితలం. మరీ పైకి లేస్తే రెక్క బయటపడి పడవ కూలుతుంది. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికాస్ కప్‌లో 72 అడుగుల కటమరాన్లు పోటీపడ్డాయి. ఫాయిల్‌కు కదిలే మడతలు పెట్టకూడదని నిబంధన. న్యూజిలాండ్ జట్టు అంతకుముందు ఏడాదే ఒక ఉపాయం పట్టింది. పడవ నుంచి నీటిలోకి దించే నిలువు పలక అడుగున లోపలికి తిరిగే కొసను కాస్త పైకి వంచింది. పడవ లేచేకొద్దీ నీటిలో మిగిలే నిలువు భాగం తగ్గుతుంది. తెరచాప తోపుకు పడవ పక్కకు ఇంకాస్త జారుతుంది. ఆ జారుడుకు వంపు కొసకు తగిలే నీటి కోణం తగ్గి, లేపే బలం తగ్గి, పడవ తనంతట తానే దిగుతుంది. నన్నడిగితే ఆ పోటీ మొత్తంలో అందమైన ఆలోచన ఇదే. ఊరికే రాలేదు లెండి. వంచిన కొస బలంలో కొంత పడవను పక్కకే తోస్తుంది, నిలువు పలక దానితో పెనుగులాడాలి. ఆ పెనుగులాటంతా వేగం నుంచి తీసివేతే. కప్పు చివరికి 8–1తో వెనకబడి 9–8తో గెలిచిన ఒరాకిల్ జట్టుకు దక్కింది.

తలకిందులుగా పెట్టిన టీ అక్షరంలాంటి రెక్కకు ఈ నష్టం లేదు, కానీ తానెంత ఎత్తులో ఉందో దానికి తెలియదు. మాత్ అనే చిన్న పడవలో నీటిమీద రాసుకుంటూ పోయే ఒక పుల్ల ఆ కబురు రెక్క మడతకు అందిస్తుంది. సెయిల్‌జీపీ పోటీల్లోని ఎఫ్50 కటమరాన్‌లో ఆ ఎత్తు చూసుకోడానికే ఒక మనిషి ఉంటాడు.

రెండో చిక్కు మరీ మొండిది. గాలిమర రెక్క కొస గంటకు 250 కిలోమీటర్లు దాటినా గాలి గాలిగానే ఉంటుంది. నీరు అలా కాదు, గంటకు 95 కిలోమీటర్ల దగ్గరే మరిగిపోతుంది. ఆ వేగంలో ప్రవాహపు పీడనం దాదాపు మూడున్నర వాతావరణ పీడనాలంత. రెక్క పైవైపు పీడనం అందులో మూడోవంతు పడిపోయినా చాలు, చల్లటి నీరే ఆవిరి బుడగలవుతుంది. లేపే బలం చెదురుతుంది, నిరోధం పెరుగుతుంది, బుడగలు పగిలే దెబ్బకు రెక్క ఉపరితలం గుంటలు పడుతుంది. దీన్నే కావిటేషన్ అంటారు. రెక్కను పల్చన చేస్తే ఇది కాస్త ఆలస్యమవుతుంది. అయితే మందం సగమైతే బిగువు ఎనిమిదోవంతుకు పడిపోతుంది. ఎఫ్50లకు 2025లో టైటానియం టీ-రెక్కలు వచ్చింది ఇందుకే, సన్నగా ఉండి కూడా వంగకుండా నిలవాలని.

ఫ్రెంచి ట్రైమరాన్ లిద్రోప్తేర్ 2009లో 500 మీటర్ల దూరంపై 51.36 నాట్ల సగటు వేగం అందుకుంది. 2012లో నమీబియాలో పాల్ లార్సెన్ నడిపిన వెస్టాస్ సెయిల్‌రాకెట్ 2 (ఆ పేరు గాలిమరల కంపెనీదే) 65.45 నాట్లకు వెళ్లింది. దాని రెక్క బుడగను తప్పించుకోదు, ఆహ్వానిస్తుంది. నెమ్మది వేగాల్లో మాత్రం అలాంటి రెక్క కష్టపెడుతుంది. పైగా ఆ పడవ ఒక్క దిక్కునే పరుగెత్తగలదు. పరుగు ముగిశాక వెనక్కి లాక్కురావాలి.

మహాసముద్రానికి అలాంటి రెక్క పనికిరాదు. అక్కడ అలలున్నాయి, తేలే దుంగలున్నాయి. 32 మీటర్ల ట్రైమరాన్‌కు ఫాయిల్ విరిగినా తేలే ఒళ్లు కావాలి, పైకి లాక్కునే ఏర్పాటు కావాలి. అదంతా బరువే. 2024లో నావికుడు షార్ల్ కోద్రలియే అలాంటి పడవమీద ఒంటరిగా 50 రోజులకు కాస్త పైగా భూగోళం చుట్టి, ఆ పోటీలో మొదటి స్థానంలో వచ్చాడు. దారిలో హార్న్ అగ్రానికి ముందు, తుఫాను దాటిపోయేదాకా కావాలనే పడవను నెమ్మదించాడు.