పేరు లేని ముఖచిత్రం

ప్రోగ్రెసివ్ రాక్‌లో ముఖచిత్రాన్ని రికార్డుకు వేసిన తొడుగుగా మాత్రమే భావించరాదు. 1969లో ఇంగ్లండ్‌లో వెలువడిన కింగ్ క్రిమ్‌సన్ బృందం తొలి ఆల్బమ్ ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్‌సన్ కింగ్’ను గమనించండి. అట్టపై బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. ఉన్నదల్లా అట్టంతా నిండిన ఒక ముఖం: ఎర్రబారిన చర్మం, పక్కకు తిరిగిన బెదురు కళ్లు, కేకతో తెరుచుకున్న నోరు. మొదటి పాటలో గొంతు యంత్రంలో నలిగినట్టు వినిపించే ఉన్మత్తుడు ఇతడే. అట్ట విప్పితే లోపల మరో ముఖం నవ్వుతుంటుంది, అది రాజుది. ఆ నోటిని చేత్తో మూసి, కళ్లను మాత్రమే చూడండి. నవ్వు పోయి దుఃఖం మిగులుతుంది. ఈ ఆల్బమ్‌కు ఇంతకు మించిన వ్యాఖ్యానం లేదని నా అభిప్రాయం. చిత్రకారుడు బారీ గాడ్బర్ వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రామర్. అతడు వేసిన ఆల్బమ్ ముఖచిత్రం ఇదొక్కటే. రికార్డు విడుదలైన కొద్ది నెలలకే, 1970లో, మరణించాడు.